ఫ్రీజరు సూత్రమునకు సర్వంకష వ్యాఖ్య

మూలము: "ఫ్రిజ్జులో ఉండేదీ అల్మారాలో ఉండేదీ అయిపోయేదాకా అంగట్నించి ఏమీ తెచ్చేది లేదు."

అవతారిక: చిత్తూరు జిల్లా పూతలపట్టులో, తిరుపతి రోడ్డు చీలేచోటికి దగ్గర్లో ఒక ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద, వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న అయస్కాంతం కింద ఈ సూత్రం వెలసింది. రచయిత మా ఇంటాయన. ఇంట్లో నిలవ సరుకుతోనే నెలంతా గడిపే పద్ధతి గురించి ఎవరో ఫోనులో చెప్తా ఉంటే చూసినారు. దానికొక ఇంగ్లీషు పేరు కూడా ఉందట. పేరుండేసరికి అది శాస్త్రమైంది. కళ్లద్దాలు సర్దుకున్నారు, గొంతు సవరించుకున్నారు, ఎర్ర ఇంకు పెన్నుతో రాసి తగిలించినారు.

సూత్రమంటే తక్కువ అక్షరాల్లో, సందేహానికి తావు లేకుండా, సారం నింపి చెప్పేదని పెద్దలు లక్షణం చెప్పినారు. ఇందులో తక్కువ అక్షరాలు ఉన్నాయి.

వ్యాఖ్యకు పేరు పెట్టవలసి ఉంది. వ్యాఖ్యాతల్లో తలమానికం కోలాచలం మల్లినాథసూరి, మెదకు సీమ కొల్చారం వాడు, కాళిదాసు కావ్యాలకు రాసినదానికి సంజీవని అనీ, కిరాతార్జునీయానికి రాసినదానికి ఘంటాపథమనీ, శిశుపాలవధకు రాసినదానికి సర్వంకష అనీ పేర్లు పెట్టినాడు. నాకు మొదట సంజీవని మీద మనసు పోయింది. వ్యాఖ్యేయ వస్తువు ప్రాణం పోయి చాన్నాళ్లయింది గదా. ఘంటాపథమన్నా తగినదే, జాతీయ రహదారి మా వీధి చివరే ఉంది. కానీ ఫ్రీజరు గోడలకు పట్టిన మంచును అట్లకాడతో గోకిన చేతికి సర్వంకష అన్న పేరే నచ్చింది. ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మొదలుపెట్టినవాడు. అందులో రెండోసగం సరుకులకు వర్తింపజేసి మా సూత్రకారులు కూడా ఒక మాట ఇచ్చి ఉంటే ఈ వ్యాఖ్య పుట్టేదే కాదు.

ప్రతిపదార్థం బాలబోధకు వదిలేస్తున్నాను. ఫ్రిజ్జు, అల్మారా, అంగడి తెలియనివాళ్లు లేరు. చిక్కంతా "ఉండేది" దగ్గర.

ఏముంది? సూత్రకారులకు తెలియదు. తెలిసి ఉంటే రాయరు. పై అరలో నిరుటి పితికిపప్పు ఉంది. కాణిపాకం వినాయకుడికి కొట్టిన టెంకాయల చిప్పలున్నాయి, తురిమినవి కొన్ని, తురమవలసినవి కొన్ని. ఎండాకాలంలో తీసిన బెంగుళూరా మామిడి గుజ్జు డబ్బాలో పసుపుపచ్చ బండరాయై కూర్చుంది. తిరుమల లడ్డు ఒకటుంది. ఆ లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనక ఎక్కడిదన్న సందేహం లేదు; ఎప్పటిదన్నదే తేలడం లేదు. ప్రసాదం గనక పారేయరాదు, రాయైంది గనక కొరకరాదు. ఇంక అల్మారా. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు సూత్రకారులు ఉత్సాహం పట్టలేక తెచ్చిన కొర్రలు, సామలు, అండుకొర్రలు అందులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరాన్ని ముగించింది. మా ఇంట్లో అది నడుస్తానే ఉంది. పుట్టినప్పట్నించీ రాగిసంగటి తిన్న మనిషికి చిరుధాన్యం తినమని ప్రపంచదేశాలన్నీ కూడి చెప్పవలసి వచ్చిందే అని నా బాధ.

ఇక్కడ పూర్వపక్షం: ఫ్రీజరులో పెట్టినది ఎన్నాళ్లైనా చెడదు గదా? సగం నిజం. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవులు పెరగవు. అలాగని అన్నీ చావవు. బయటపెట్టి కరిగిస్తే లేచి కూర్చుంటాయి. ఈలోగా పొట్లంలోని మంచు నీరు కాకుండానే ఆవిరై, పైపొర ఎండి తెల్లమచ్చలు పడతాయి. తింటే ప్రమాదం లేదు, రుచీ లేదు. ఇంకొకటి. తలుపు తీయకుండా ఉంటే, కరెంటు పోయినా నిండు ఫ్రీజరు దాదాపు 48 గంటలు చలి నిలుపుకుంటుంది, సగం నిండినది 24 గంటలే. సూత్రాన్ని పాటించి ఖాళీ చేసేకొద్దీ మిగిలినదానికి రక్షణ తగ్గుతుందన్నమాట. ఈ విరోధాన్ని సూత్రకారులు పరిహరించలేదు.

ధనుర్మాసం గనక రాయల ఆముక్తమాల్యద ఊసు రాకుండా ఎట్లా ఉంటుంది? శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు దారినపోయే వైష్ణవులకు అన్నం పెట్టే ఘట్టం మొదటి ఆశ్వాసంలో ఉంది. రాయలు ఏ ఋతువుకు ఆ ఋతువు వంటకాలు విడిగా చెప్పినాడు. చలికాలమైతే మిరియప్పొడి పడిన కూరలు, ముక్కు వదలగొట్టే ఆవపచ్చడి. ఎండాకాలమైతే గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి. రాజ్యాలేలేవాడికి అంబలి సంగతి ఎందుకు తెలిసిందని నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఆగుతాను. ముసురు పట్టినప్పటి పద్యం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతాను. బయట వాన విడవదు, పెరట్లోకి పోయి కూరగాయ కోసే దారి లేదు. అప్పుడు విస్తట్లో అన్నం, పప్పు, కూరలతో బాటు వడియాలూ వరుగులూ దిగుతాయి, పెరుగూ నెయ్యీ సరేసరి.

వడియాలూ వరుగులూ వానాకాలంలో పుట్టేవి కావు, మండుటెండలో మిద్దె మీద ఎండినవి. అంటే ఎండబెట్టే రోజుకే ఆ వాన, ఆ విస్తరి, ఆ అతిథి ఎండబెట్టిన ఇల్లాలి మనసులో ఉన్నారు. దాచడమూ వండడమూ ఒకే పనికి రెండు కొసలు. మా అవ్వ మటిక్కాయ వరుగు ఆరబోస్తానే ఇది ఏ నెలలో పులుసులోకి పోతుందో చెప్పేసేది. కొత్త చింతపండు ఇంట్లోకి వచ్చేసరికి పాత జాడీ అడుగు కనబడేది. ఆ ఇళ్లలో తలుపుల మీద సూత్రాలు తగిలించే పని ఎవరికీ పడలేదు. ఫ్రీజరుకు మటుకు ఋతువు లేదు. అందులోకి పోయే వస్తువుకు ఒక తిథీ వారమూ ఏర్పడవు. "ఉండనీలే, ఎప్పుడన్నా పనికొస్తుంది" అంటూ లోపలికి తోస్తారు. ఆ "ఎప్పుడన్నా" ఏ పంచాంగంలో వెదకాలి?

ఆ వానాకాలపు పద్యంలోనే ఇంకొక సంగతుంది. పొయ్యిలోకి తడి కట్టెలు పెడితే పొగ కమ్ముతుంది గదా, భార్య కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరి డిప్పలు అంటించి వండించినాడట విష్ణుచిత్తుడు. గజపతుల మీద దండెత్తిన చేత్తో రాయలు, వంట చేసే ఆడమనిషి కళ్లలోకి పోయే పొగను గురించి రాసినాడు. తిరుమల గుడి మహాద్వారం లోపల, ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించుకొని నిలబడిన రాయల విగ్రహం ఉంది. లడ్డు కౌంటరు మీద ధ్యాసతో నడిచేవాళ్లకు అది కనబడదు. నేను మటుకు దండం పెట్టే వస్తాను. మా ఇంట్లో కొబ్బరి డిప్పలకు కొదవ లేదని పైన చెప్పినాను గదా. కొదవ ఎక్కడుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇంతకీ సూత్రాన్ని ఎక్కడ వదిలినాం? "అయిపోయేదాకా". ఇది అకర్మక క్రియ. వాన వెలిసినట్టు, పొద్దు గుంకినట్టు, సరుకు కూడా తనంతట తానే అయిపోతుందని సూత్రకారుల దర్శనం. తినేవాళ్లెవరో చెప్పలేదు. కర్తృలోపమన్నమాట. కర్తను సందర్భాన్ని బట్టి అధ్యాహారం చేసుకోవాలని వ్యాకరణం చెప్తుంది, చేద్దాం. పిల్లలా? నిన్నటి పులుసంటే వాళ్లు ముక్కు మూసుకుంటారు. సూత్రకారులా? పొద్దున చేసిన బేడల చారు రాత్రికి పోస్తే "వాసనొస్తా ఉంది మే" అంటారు. భగవద్గీత పదిహేడో అధ్యాయం పాచి అన్నాన్ని తామసుల పద్దులో రాసిందని అప్పుడే గుర్తొస్తుంది ఆయనకు. నేతితోనో నూనెతోనో కలిసినదైతే నిలవున్నా దోషం లేదని మనువు ఇచ్చిన మినహాయింపు గుర్తుకు రాదు. మజ్జిగ పోసి ఎర్రగడ్డ నంజుకునే సద్దిసంగటి రుచి మనువుకు తెలియదు పాపం, అది వేరే సంగతి. మిగిలినదెవరు? ఈ ఇంట్లో పాతది ఎన్నడూ దానంతట అది అయిపోలేదు. నేను తిన్నాను. మొన్నటి ఉప్మా, అటుమొన్నటి కూరాకు, పిల్లలు సగం కొరికిన దోసె, అడుగంటిన పొంగలి. పారేస్తే పాపమని అందరికీ తెలుసు, ఆ పాపం పోగొట్టే కడుపు మాత్రం ఒక్కరిదే. సూత్రం రాకముందు దీనికి పేరైనా లేదు. ఇప్పుడు పొదుపు అంటున్నారు, ఆ పేరు రాసినవారి ఖాతాలో పడింది.

వినియోగము: పితికిపప్పును కరిగించనక్కర లేదు, తెర్లే పులుసులో నేరుగా వేయవచ్చు. కొర్రలు బియ్యంతో సగానికి సగం నానబోస్తే దోసెల్లో కలిసిపోతాయి, ఎవరూ కనుక్కోలేరు. లడ్డును చిదిపి వేడిపాలలో వేస్తే ప్రసాదగౌరవం, పళ్లు రెండూ నిలుస్తాయి.

అపవాదము: అంతా తినవలసిందే అన్న ఉత్సర్గానికి బాధ కలిగేచోట్లు ఉన్నాయి. చెనిక్కాయలు చెమ్మ తగిలి బూజు పడితే వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరి ఉండవచ్చు. వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు, కాలేయాన్ని పాడుచేస్తుంది. పైపైన చెరిగి ఊరిబిండిలోకి నూరదామనేవాళ్లను వారించవలెను. పొట్లాల మీది తేదీల్లోనూ భేదముంది. ఫలానా నాటికి ముందు శ్రేష్ఠమన్నది రుచిని గురించిన మాట, దాటినా చూసుకొని వాడవచ్చు. గడువు తేదీ అన్నది దాటరానిది. సూత్రకారులు రెండింటినీ ఒకే కంటితో చూస్తారు, అదీ కళ్లద్దాలు లేకుండా.

వార్తికము: చెప్పినదాన్నీ, చెప్పనిదాన్నీ, సరిగా చెప్పనిదాన్నీ విచారించేది వార్తికమని ప్రసిద్ధి. చెప్పనిది ఒకటే గనక ఒకటే చేరుస్తున్నాను: "తెచ్చినవారును తినవలెను."

ఇంతవరకు రాసి సూత్రం పక్కనే తగిలిద్దామని లేస్తే, సూత్రకారులు స్కూటరు ఆపి సంచి దించుతా ఉన్నారు. అనపకాయలు, పెద్ద సంచి నిండా. ఇంకా మంచు ఆరలేదు. ఫ్రీజరులో నిరుటి పితికిపప్పు ఉందని గుర్తు చేసినాను. సూత్రం వైపు చూపించినాను కూడా. ఆయన తడబడలేదు. "అంగట్నించి తేకూడదని గదా రాసిండేది. ఇది అంగడి కాదు, రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్ముతా ఉన్నారు. వాసన చూడు, ఎంత బాగుండాయో" అన్నారు. మూలకర్తే వ్యాఖ్య రాస్తే దాన్ని స్వోపజ్ఞవృత్తి అంటారు. అది ఉన్నచోట తక్కిన టీకాకారుల మాట ఇంక ఎవరు వింటారు? వాటిని ఒలిచి, రాత్రికి నానబోసి, పొద్దున్నే ఒక్కొక్క గింజా వేళ్లతో పితకాలి గదా. ఆ సంగతి స్వోపజ్ఞవృత్తిలో ఉంది, ఆయనే స్వయంగా సెలవిచ్చినారు: "పప్పు పితికేసి సగం ఫ్రీజరులో పెట్టేస్తే అయిపోతుంది."