పందికొక్కుకు పిల్లి కాపలా

అమెరికాలో పిల్లులకు ఉద్యోగాలిస్తున్నారు. మనుషులకు మాలిమి కాని వీధి పిల్లులకు ఆపరేషను చేయించి, టీకాలు వేయించి, పశువుల చావిళ్ళకూ గోదాములకూ దత్తత ఇస్తారు. షికాగోలో ట్రీ హౌస్ అనే సంస్థ 2012 నుంచి ఈ పనిలో ఉంది. ఇలాంటి ముచ్చట్లు మన దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు గనుక, హనుమాన్ జంక్షన్ పక్కన ఓ రైసుమిల్లులో ఈ కొత్త గుమాస్తాను ముందే ఊహించుకుందాం. ఊరికి తగిన ఉద్యోగే. వాల్మీకి లెక్కలో హనుమంతుడు లంకలో దూరింది పిల్లంత ఒళ్ళు చేసుకునే. కాకపోతే ఆయన అవసరమైనప్పుడు పెరిగాడు. పిల్లి పెరగదు.

చిక్కంతా ఆ కొలత దగ్గరే. ధాన్యం గోదాము పునాది కింద బొరియ తవ్వేది పందికొక్కు. దానికి పేరు దొరక్క ఇంగ్లీషువాడు మన మాటనే 'బ్యాండికూట్' చేసి పట్టుకుపోయాడు. అందులో పెద్దరకం కిలో దాకా తూగుతుంది. అంతకంటే బాగా చిన్నదైన న్యూయార్కు ఎలుక దగ్గరే పిల్లి పనితనం బయటపడింది. ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ పార్సన్స్ బృందం బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రాన్ని 79 రోజులు కెమెరాలతో గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించింది. పిల్లులు మాటు వేసింది 20 సార్లు, చంపింది రెండంటే రెండు ఎలుకల్ని. కానీ పిల్లులు తిరిగిన రోజుల్లో ఎలుకలు బయటికి రావడం మాత్రం తగ్గింది. అంటే పిల్లి ఎలుకల్ని తగ్గించలేదు, యజమాని కంటికి ఆననివ్వలేదు. బస్తా అడుగున ఏం జరిగినా ఆయనకు గోదాము ప్రశాంతంగానే కనిపిస్తుంది.

జీతం సంగతిలో లండన్ దొరలు గట్టివాళ్ళు. 1868లో మనీయార్డరు ఆఫీసు మూడు పిల్లులకు కలిపి వారానికి ఒక్క షిల్లింగు మంజూరు చేసి, మిగతాది ఎలుకల్లోనే రాబట్టుకోమంది. ఆరు నెలల్లో ఫలితం లేకపోతే ఆ షిల్లింగులోనూ కోతేనంది. మన కథలో రాయలవారు పిల్లికో ఆవును ఇచ్చారు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కాగిన పాలకు మూతి కాల్చుకుని, ఆపైన గిన్నె కనబడితేనే పరుగు. ఆవు పాలు ఎవరి కడుపులోకి పోయాయో చెప్పక్కర్లేదు. పథకాల పోకడ తెలిసిన నేల కథ మరి.

అమ్మమ్మల కాలంలో అటక మీద పిల్లి ఉండేది కదా అంటారు. ఉండేది, పట్టేది కూడా, ముప్ఫై గ్రాముల చిట్టెలుకని. విషం ఎర కంటే పిల్లి నయం కదా అంటారు. నూకలు 96 పాళ్ళు, నూనె రెండు, బ్రోమాడయోలోన్ రెండు కలిపిన ఎర మిల్లులకు కొత్త కాదు. అది తిన్న ఎలుకను తింటే పిల్లికీ ముప్పే. రెండూ పెట్టిన మిల్లు తన గుమాస్తా అన్నంలో తానే మందు కలుపుతోంది. పైగా ఆహార పదార్థాలుండే చోటికి జంతువుల్ని రానివ్వొద్దని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. పాపం, వీధి పిల్లికి నీడ దొరుకుతుంది కదా అనేవాళ్ళతో తగాదా లేదు. నీడ ఇవ్వండి, అది దానం. ఉద్యోగం అని రాసుకోకండి.

పట్టిన ఎలుకకే కూలి తీసుకునే పనివాళ్ళు కావాలంటే డెల్టా పొలాల్లో వెదురు బుట్టలు పెట్టే యానాదులున్నారు. గోదాములో అయితే బస్తాల నెట్టును గోడకు ఆనించకుండా కట్టడం, రాలిన నూకలు సాయంత్రానికల్లా ఊడ్చేయడం, షట్టరు కింది సందు మూయడం. అరంగుళం సందు చాలు, ఎలుక దూరిపోతుంది. అక్కడ రేకు కొట్టిస్తే సరి. రేకు ఫొటోలో పిల్లంత బాగా పడదు, అదొక్కటే లోటు.