బెంచీ మీద కూర్చున్నవాళ్లు

మా ఇంటిల్లిపాదినీ వండర్‌లాకు తీసుకెళ్లాలన్న ఆలోచన పూర్తిగా నాది. పెన్‌పహాడ్‌లో అమ్మా నాయినా, అన్నా వదినా ఉంటారు. అక్కా బావా మిర్యాలగూడలో, నేనూ నా భార్యా హైదరాబాద్‌లో. పండక్కో పెళ్లికో కలవడమే తప్ప, ఏ పనీ లేకుండా అందరం ఒక్కచోట ఉన్న రోజు నాకు గుర్తు లేదు. ఆ లోటు తీర్చే పని నెత్తిన వేసుకున్నాను. కోరిక మంచిదే. చేసిన తీరే మూర్ఖత్వం. అది ఎందుకు మూర్ఖత్వమో తెలియడానికి చాలా కాలం పట్టింది గనక, తెలిసినంతవరకు రాసిపెడుతున్నాను.

ఆ కోరిక పుట్టింది జాతరలో. మా వైపు పిల్లలకు తెలిసిన మొదటి ఆటల మైదానం దురాజ్‌పల్లి పెద్దగట్టే. రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతరకు సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ గట్టు కిందికి చేరతాయి. ‘ఓ లింగా’ అనుకుంటూ భేరీలతో, గజ్జెల లాగులతో జనం గట్టెక్కుతుంటే, కింద రంగులరాట్నాలు, జెయింట్ వీల్ తిరుగుతుంటాయి. నాయిన మా ముగ్గుర్నీ జెయింట్ వీల్ ఎక్కించి, మా చెప్పులు చేతపట్టుకుని కింద నిలబడేవాడు. తను మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. పైకి పోయినప్పుడల్లా నేను కిందికి చూసేవాణ్ని. తలెత్తి మమ్మల్నే వెతుకుతూ ఉండేవాడు. పైసలు చాలకనే ఎక్కలేదని పెద్దయ్యాక నాకు నేనే తేల్చుకున్నాను. ఆయన్ను అడగలేదు. నా చేతిలో నాలుగు పైసలు ఆడిననాడు ఆయన్ను ఎక్కించాలని మాత్రం మనసులో పెట్టుకున్నాను.

హైదరాబాద్ శివారు రావిర్యాలలో వండర్‌లా 2016లో మొదలైంది. 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరులో పెట్టాక ఆ సంస్థకు అది మూడో పార్కు. మా ఊరి నుంచి దారి కూడా సులువే. సూర్యాపేటలో 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు పట్టుకుంటే చాలు. రెండో రోజుకు అదే హైవే పక్కనున్న రామోజీ ఫిల్మ్ సిటీ అనుకున్నాను. 1996 నుంచి అక్కడే ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు కూడా ఎక్కింది. మావాళ్లు మాత్రం హైదరాబాద్ వచ్చిపోయేటప్పుడు బస్సు కిటికీలోంచి బోర్డు చూడటమే గానీ లోపలికి పోయింది లేదు.

పిల్లలకు సెలవులు కదా అని మే మొదటి వారం ఖాయం చేశాను. ఏ గంటకు ఎక్కడ ఉండాలో, ముందు ఏ రైడ్ ఎక్కాలో, అన్నం ఎక్కడ తినాలో వరసగా రాసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరూ ఏమీ అనకపోతే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను.

“గియ్యన్ని మాకెందుకురా బిడ్డా, పిల్లల్ని తోల్కపోరాదు” అంది అమ్మ.

“వడ్లు ఇంక కాంట కాలేదురా” అన్నాడు నాయిన.

“నీళ్లల్ల ఆడే ఈడా నాది?” అంది అక్క. బావ “సూద్దాం తియ్యి” అన్నాడు. వదిన ఏమీ మాట్లాడకుండా ఫోన్ అన్నకు ఇచ్చింది.

వీటిలో ఒక్కదాన్నీ నేను చెవిన పెట్టలేదు. అన్నిటినీ కలిపి మొహమాటం, ఖర్చు భయం అని లెక్కేశాను. టికెట్లు కొన్నాక ఎట్లాగూ కాదనరని ముందే కొనేశాను. అడిగినట్టే అడిగి, కాదనే వీలు లేకుండా చేయడం అది.

మే మొదటి వారమంటే మా దగ్గర ఏ రోజులో నాకు తెలియనిది కాదు. అప్పటికి యాసంగి వరి కోసి, వడ్లు తెచ్చి, సర్కారు కొనే ఐకేపీ సెంటర్లో పోసి ఉంటారు. తేమ 17 శాతానికి దిగేదాకా పొద్దున పరిచి ఆరబెట్టాలి, మాపటికి కుప్పజేసి పట్టాలు కప్పాలి. వంతు వచ్చినప్పుడు కాంటా మీద తూకం, ఆ తర్వాత లారీ కోసం చూడటం. లారీ మిల్లుకు చేరి సంచులు దిగేదాకా రైతుకు కంటి మీద కునుకు ఉండదు. చెడగొట్టు వానలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. మాది శ్రీరాంసాగర్ రెండో దశ కాలువకు చివరన ఉన్న మండలం. నీళ్లు మా దాకా వస్తాయా రావా అని పంటకాలమంతా కాలువ వైపు చూసి పండించిన వడ్లు ఆరుబయట ఉంటే, వాటిని పక్క కుప్పాయనకు అప్పజెప్పి రమ్మని నాయిన మీద ఒత్తిడి పెట్టాను. ఆయన కొడుకునై, ఆ వడ్ల మీదే చదువుకున్నవాణ్నై ఆ మాట ఎట్లా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అందరూ వచ్చారు. పిల్లలు గేటు దాటగానే పరుగు తీశారు. పెద్దవాళ్లు నా వెనక నడిచారు.

అమ్మ లోపలికి రాగానే నీడలో ఒక బెంచీ చూసుకుని కూర్చుంది. మా అందరి చెప్పులూ కాళ్ల దగ్గర జతలు జతలుగా పేర్చి, ఫోన్లు కొంగులో మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది. సామాన్లకు లాకర్ ఉందని చెప్పినా వినలేదు. కాసేపటికి వదిన కూడా పోయి అదే బెంచీ మీద కూర్చుంది. పూల్‌లో దిగాలంటే నైలాన్ బట్టలే వేసుకోవాలి. చీరతో దిగనివ్వరు. ఆ నిబంధనలో తప్పేమీ లేదు, కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే నీళ్లలో ప్రాణం మీదికి వస్తుంది. అది తెలుసు కాబట్టే ఆడవాళ్లందరికీ ముందే బట్టలు కొనుక్కొచ్చి గేటు దగ్గర పంచాను. వదిన ఆ కవరు విప్పలేదు. ధర చీటీ కూడా ఊడని ఆ కవర్ను చిన్నగా మడతపెట్టి, గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

బావ నా బలవంతం మీద రికాయిల్ అనే రోలర్ కోస్టర్ వరసలో నిలబడ్డాడు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎక్కొద్దని అక్కడ రాసి ఉంది. అది చదివి ఆగిపోయాడు. “ఏం కాదు బావా, అందరూ ఎక్కుతలేరా” అని నేను చెయ్యి పట్టి లాగాను. అప్పుడు చెప్పాడు, బీపీ గోలీలు వేసుకుంటున్న సంగతి. పది మంది వినేట్టు చెప్పుకోవలసిన అవస్థ తెచ్చిపెట్టింది నేనే. నాయిన అయితే తిరిగే ఏ యంత్రాన్నీ చూడలేదు. తూర్పు దిక్కు మబ్బులు చూస్తున్నాడు, ఊరికి ఫోన్ చేస్తున్నాడు. పట్టా నాలుగు మూలలా రాళ్లు పెట్టారా లేదా అని అడుగుతున్నాడు.

అన్నాల దగ్గర నాకు కోపం ఆగలేదు. “ఇంత కష్టపడి తీసుకొస్తే ఒక్కరి ముఖంలో కూడా కళ లేదు. నా కోసమన్నా కాసేపు నవ్వుతూ ఉండొచ్చు కదా” అన్నాను. నాయిన ముద్ద పక్కన పెట్టి, గొంతు పెంచకుండా అన్నాడు.

“నువ్వు పిలిచినవని వచ్చినం బిడ్డా. ఇగ సంతోషం గూడ నీకు సూపియ్యాల్నా?”

రెండో రోజు ప్రయాణం నేనే మానుకున్నాను. అందరం మాపటికల్లా ఊరికి బయల్దేరాం. నాయిన ఇంటికి కూడా పోకుండా ఐకేపీ సెంటర్ దగ్గర దిగిపోయాడు. ఆ రాత్రి వాన పడలేదు. పడి ఉంటే ఇది రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

నాయిన అన్న ఆ ఒక్క మాటతో నేను చేసిందేమిటో నాకు కనబడింది. నేను వాళ్ల సంతోషం కోసం డబ్బు పెట్టలేదు. మంచి కొడుకునని, మంచి తమ్ముడినని వాళ్ల ముఖాల్లో రాసి ఉంటే చదువుకోవాలని పెట్టాను. వెనకాడుతూనే వాళ్లు రావడం నాకు ఇచ్చిన పెద్ద కానుక. వడ్లు వదిలి వచ్చారు, ఒంట్లో బాగాలేకున్నా వచ్చారు. దాన్ని పక్కకు నెట్టి, పైన నవ్వు కూడా ఇమ్మని అడిగాను.

ఇటువంటి పార్కుల చరిత్రలోనూ ఒక బెంచీ ఉంది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లి, వాళ్లు రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ చూసేవాడు. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి కట్టాలన్న ఆలోచన అప్పుడే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జులై 17న అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచారు. బెంచీ మీద కూర్చోవడం ఆయనకు వెలితి అయింది, అందుకే లేచాడు. నేను ఆ వెలితి అందరికీ ఉంటుందనుకున్నాను.

మా బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరి సంగతీ ఒకటి కాదు. అమ్మను తర్వాత అడిగితే, “మిమ్మల్ని సూసుకుంట కూసున్న, నాకేం తక్కువైంది?” అంది. ఆమె కోరి కూర్చుంది. వదిన సంగతి నా భార్య ద్వారా తెలిసింది. ఆమెకు నీళ్లంటే ఎంతో ఇష్టమట, చిన్నప్పుడు పుట్టింటి దగ్గర బావిలో ఈదేదట. కానీ మామ ముందర, మరిది ముందర ఆ బట్టలతో ఎట్లా తిరుగుతుంది? ఇన్నేళ్లు కొంగు సర్దుకుంటూ తిరిగిన మనిషికి నేను ఒక కవరు చేతిలో పెట్టి మార్చుకురమ్మన్నాను. ఆమె కూర్చున్నది కోరి కాదు, మేమంతా అక్కడ ఉన్నందువల్ల. పక్కపక్కనే ఉన్న ఆ ఇద్దరి మధ్య ఇంత తేడా ఉందని నాకు కనబడకపోవడమే అసలు తెలివితక్కువతనం. ఇద్దర్నీ లేపాలని చూశాను. అమ్మను లేపే పని లేదు. వదిన లేవాలంటే మేము పక్కకు తప్పుకోవాలి.

జెయింట్ వీల్ సంగతి నాయిన్ను అడగడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. “నాకు కండ్లు తిరుగుతయిరా. కింద నిలవడి మిమ్మల్ని సూస్తనే నాకు జాతర” అన్నాడు. నేను ఇన్నేళ్లు మోసుకొచ్చిన బాకీ అసలు లేనే లేదు.

వానాకాలం వడ్లు కాంటా అయి, డబ్బులు ఖాతాలో పడ్డాక మళ్లీ అడిగాను. ఈసారి గ్రూపులో కాదు, ఒక్కొక్కరినీ విడిగా. నాయినకు సినిమా సెట్టింగులు ఎట్లా కడతారో చూడాలని ఉంది. ఆయన్నూ బావనూ అన్ననూ తీసుకుని నేను ఫిల్మ్ సిటీకి పోయాను. రాతి స్తంభమనుకున్నదాన్ని నాయిన వేలి కణుపుతో కొట్టి చూసి, లోపల డొల్ల అని తేల్చుకుని, దాన్ని ఎట్లా అచ్చుపోసి ఉంటారో బావతో చాలాసేపు మాట్లాడాడు. వదిన, అక్క, నా భార్య, ఆడపిల్లలు వేరే రోజు వండర్‌లాకు పోయారు. మగవాళ్లం ఒక్కరం కూడా వెంట పోలేదు. “వాళ్ల సెల్లులు ఎవలు పట్టుకుంటరు?” అని అమ్మ కూడా వాళ్లతో బయల్దేరింది. వదిన నీళ్లలో దిగింది. నేను చూడలేదు, ఫొటో పంపమనలేదు. మూసే వేళయినా పూల్‌లోంచి రాలేదని అక్క చెబితే విన్నాను.

ఎండాకాలం సెలవులొస్తే నాలాంటి కొడుకులూ కూతుళ్లూ పట్నం నుంచి ఫోన్లు చేసి ఇటువంటి ప్రయాణాలు పెడుతుంటారు. పెట్టాలి కూడా. అమ్మానాయినలు ఊళ్లో పనిలో పడి కరిగిపోతుంటే ఒక రోజు వాళ్లను బయటికి తీసుకెళ్లాలనిపించడం ప్రేమే. కానీ టికెట్ కొనే ముందు కాంటా అయిందా అని అడగండి. బావ ఏ గోలీలు వేసుకుంటున్నాడో అక్కను అడగండి. వదినకు ఎవరితో పోవడం హాయిగా ఉంటుందో మీ ఆవిడతో అడిగించండి. ఎవరైనా రానంటే వాళ్లను ఇంటి దగ్గర ఉండనివ్వండి, ముఖం మాడ్చుకోకండి. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటామంటే అక్కడ కూర్చోనివ్వండి. వాళ్ల ముఖాల వంక మాటిమాటికీ చూడకండి. మీరు పిలిచారు, వాళ్లు వచ్చారు. అక్కడితో మీకు రావలసింది మీకు వచ్చేసింది.