శత్రువు ఇంట్లో నేను

నేను నల్ల రాజును. చదరంగంలో రాజుగా పుట్టినవాడికి దాక్కోవడమే ఉద్యోగం. బంట్ల వెనక, ఏనుగు చాటున, ఏదో ఒక మూల. బల్ల సగం ఖాళీ అయ్యాక గానీ మమ్మల్ని గడప దాటనివ్వరు. 1999 జనవరి 20న, నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో, హూగోవెన్స్ టోర్నీలో నాకు ఆ కట్టుబాటు తప్పింది.

తెల్లపావులు గ్యారీ కాస్పరోవ్‌వి. నన్ను నడిపినవాడు బల్గేరియా కుర్రాడు వెసెలిన్ టోపలోవ్. పిర్క్ డిఫెన్స్‌తో మొదలైన ఆట 23 ఎత్తుల దాకా మామూలుగానే సాగింది. నేను ఎ7లో భద్రంగా ఉన్నాననుకున్నాను.

24వ ఎత్తుకు కాస్పరోవ్ డి4లోని మా బంటును ఏనుగుతో కొట్టాడు. ఒక్క బంటు కోసం ఏనుగు! దాన్ని ముట్టుకోకుండా నన్ను బి6కి జరిపి ఉంటే మా పక్షం నిలబడేదని తర్వాత విశ్లేషకులు తేల్చారు. మావాడు తిన్నాడు. వెంటనే రెండో ఏనుగు ఇ7కి వచ్చి చెక్ అంది. మా మంత్రి దాన్ని తింటే ఎ8 మూలలో నాకు ఆటకట్టు. ఇక పరుగే గతి.

బి6కి వచ్చాను. ఎ5లో గుర్రాన్ని నేనే చంపాను. ఎ4 ఎక్కాను. ఎ3లో ఒక బంటు, బి4లో ఒకటి, సి3లో ఇంకొకటి. రాజు స్వయంగా నాలుగు పావుల్ని తినడం ఎక్కడైనా విన్నారా? తిన్నకొద్దీ ఇంటికి దూరమయ్యాను. డి2, డి1. అప్పుడు తెల్ల శకటు నింపాదిగా ఎఫ్1కి వచ్చి మా మంత్రికి ఎదురుగా నిలబడింది. తినడానికి అడ్డేమీ లేదు, తింటే మాత్రం నా పని ఆఖరు. మరుసటి ఎత్తుకు ఏనుగు డి7కి దూకింది. ఆ దెబ్బకు మంత్రీ పోయింది. చివరికి తెల్లరాజు ఆట మొదలుపెట్టే గడి ఇ1లో నేను నిలబడి ఉండగా, 44వ ఎత్తుకు మావాడు ఓటమి ఒప్పుకున్నాడు.

దీన్ని కాస్పరోవ్ అమర క్రీడ అంటారు. నన్నడిగితే ఇందులో సగం టోపలోవ్‌ది. అతను భయపడి ఏనుగును వదిలేసి ఉంటే ఈ ఆట పుట్టేదే కాదు. 2005లో అతనూ ప్రపంచ విజేత అయ్యాడు.

ఇంట్లో చదరంగం బల్ల ఉంటే ఈ ఆట ఎత్తులు దొరికించుకుని పావులు పేర్చండి. 24వ ఎత్తు దగ్గర ఆగి, నన్నొకసారి బి6కి పంపి చూడండి.