నూటికి పదమూడు!

ఉగాండా సర్కారు 1990ల తొలి ఏళ్లలో బడుల ఖర్చులకని పిల్లల తలల లెక్కన నిధులు విడుదల చేసింది. కాగితం మీద లెక్క పైసాతో సహా సరిపోయింది. అనుమానమొచ్చి బడి గుమ్మం దాకా వెళ్లి చూసిన పరిశోధకులు రీనికా, స్వెన్సన్‌లకు తేలిందేమిటి? 1991-95 మధ్య నూటికి సగటున 13 మాత్రమే బడికి చేరాయి. ఎక్కువ బడులకైతే చిల్లిగవ్వ అందలేదు! మిగతా 87? దారిలో జిల్లా కచేరీల దగ్గర దిగాయి. అక్కడి ఆతిథ్యం నచ్చిందేమో, మళ్లీ కదల్లేదు. పిల్లలకు తీసివేతలు రావడం లేదని బెంగపడతాం గానీ, పెద్దల్లో ఆ విద్యకు ఏం లోటు?

మందు మాత్రం చవకే. ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో అచ్చేశారు, ఎంత అందిందో బడి గోడకు అంటించారు. ఇతర సంస్కరణలూ తోడయ్యాయనుకోండి. 2001 నాటికి నూటికి 80కి పైగా చేరాయి.

విద్యా ప్రమాణాలపై స్టార్ హోటళ్లలో సదస్సులు పెట్టే అయ్యలారా, ముందు ఆ లెక్కల కాగితం ఒకటి మన బడి గోడకూ అంటించండి. జిగురు ఖర్చు ఊరివాళ్లే పెట్టుకుంటారు!