దుకాణం పెట్టేవాళ్లు వినకూడని ఏడు సలహాలు

కనకమామిడి గేటు దగ్గర, బీజాపూర్ రోడ్డు మీద మడిగె కిరాయికి తీసుకున్నామని చెప్పి చూడండి. సాయంత్రానికల్లా సలహాలిచ్చేవాళ్లు చుట్టూ చేరతారు. గల్లాపెట్టె ఏ దిక్కున పెట్టాలి, ఉద్దెర ఎవరికివ్వాలి, బోణీ ఎవరి చేత చేయించాలి అన్నీ చెప్తారు. వాటిలో సగం పనికొచ్చేవే. కానీ ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని గడప దగ్గరే ఆపాలి అని చెప్పే సలహాలు కొన్నుంటాయి. "మాకు పట్టింపు ఉంది", "నాకు మనసొప్పదు" అనే మాటల వెనుక దాక్కుని వస్తాయవి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఛాయ్ హోటళ్లలో, కటింగ్ షాపుల్లో, ఫంక్షన్ హాళ్లలో నేను విన్నవి ఏడు. ఒక్కొక్కటీ ఎందుకు తప్పో చెప్తాను.

1. "దుకాణం నీది. ఎవరికి అమ్మాలో నీ ఇష్టం."

మడిగె మీదే, పెట్టుబడి మీదే. కానీ రోడ్డు మీదికి షట్టరు ఎత్తిన క్షణం నుంచి అది మీ ఇల్లు కాదు. ఇంటికి ఎవరిని పిలవాలో మీ ఇష్టం. దుకాణం సంగతి వేరు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు ఈ మాట సూటిగా చెప్పింది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో ఏ పౌరుణ్నీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు సర్కారును కట్టడి చేసేవే. ఇది మాత్రం గల్లా మీద కూర్చున్న మామూలు మనిషిని కూడా కట్టడి చేస్తుంది.

"దుకాణం అంటే సరుకులమ్మేది. నాది కటింగ్ షాపు కదా" అని తప్పించుకోవడానికీ దారి లేదు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఇదే సందేహం వచ్చింది. ఆ పదాన్ని విశాలమైన అర్థంలో వాడామని అంబేద్కర్ జవాబిచ్చారు. సేవ కావాలని వచ్చినవాడు షరతులకు ఒప్పుకుంటే ఆ సేవ అందించాల్సిందే, లోపలికి రానిస్తే సరిపోదు అన్నది ఆయన వివరణ సారం. ఆ వివరణకు 2011లో సుప్రీంకోర్టు మళ్లీ ప్రాణం పోసింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన రంగారెడ్డి జిల్లాలో పుట్టినవారే.

2. "మనస్సాక్షి మాట ఎత్తు. ఎవరూ ఏమీ చేయలేరు."

ఈ సలహా ఇచ్చేవాళ్లు 25వ అధికరణం పేరు చెప్తారు. అంతఃకరణ స్వేచ్ఛ అందరికీ ఉందన్నమాట నిజమే. అయితే ఆ అధికరణాన్ని మొదటి నుంచి చదవాలి. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఈ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి అనే మాటలతోనే అది మొదలవుతుంది. 15వ అధికరణం ఉన్నది కూడా ఆ ప్రాథమిక హక్కుల భాగంలోనే. అంటే దుకాణం గడప దగ్గర మనస్సాక్షి స్వేచ్ఛ సమానత్వానికి తలవంచాలి. రాజ్యాంగమే ఆ వరస పెట్టింది.

పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955 ఇంకో అడుగు ముందుకేసింది. చరిత్ర పేరుతోనో, తత్త్వం పేరుతోనో, మతం పేరుతోనో, కుల ఆచారం పేరుతోనో అంటరానితనాన్ని సమర్థిస్తూ మాట్లాడితే, దాన్ని రెచ్చగొట్టినట్టే లెక్క అంటుంది ఏడో సెక్షన్. ఈ సాకులన్నీ ఆ రోజుల్లోనే వినిపించాయి కాబట్టే చట్టం వాటిని పేరుపేరునా రాసింది.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు. అమెరికాలోని సౌత్ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే హోటళ్ల యజమాని నల్లజాతివాళ్లను కూర్చోబెట్టి తిండి పెట్టనన్నాడు. అక్కడి పౌరహక్కుల చట్టం దేవుడి సంకల్పానికే విరుద్ధమని కోర్టులో వాదించాడు. 1968లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని తోసిపుచ్చింది.

దేవుడి పేరు చెప్పేవాళ్లు మన మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు వైపు చూడాలి. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ని తన భుజాల మీద ఎక్కించుకుని హైదరాబాద్ జియాగూడలోని రంగనాథస్వామి గుడిలోకి తీసుకెళ్లారు. శ్రీరంగంలో లోకసారంగ ముని తిరుప్పాణాళ్వార్‌ను మోసిన కథే దానికి ఆధారం. గర్భగుడి ముందు దేవుడికి లేని పట్టింపు ఛాయ్ బల్ల ముందు మనకెందుకు?

3. "కాదనకు. వేరే గ్లాసులో పొయ్యి."

ఈ సలహా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాయన ఛాయ్ హోటలు నడిపేవాడు. లోపల బల్ల మీద స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉండేవి. బయటి గోడలో జానెడు గూడు ఒకటి, అందులో అంచులు పగిలిన నాలుగు గాజు గ్లాసులు. మాదిగవాడ నుంచి ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు. మా ఇంటిల్లిపాది కాళ్లకున్న చెప్పులు ఆయన కుట్టినవే. గూట్లోంచి గ్లాసు తనే తీసుకునేవాడు. నేను చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తే తనే కడుక్కునేవాడు. ఛాయ్ కూడా నేను పైనుంచే పోసేదాన్ని, గిన్నె అంచు గ్లాసుకు తగలకుండా. తాగాక మళ్లీ కడిగి గూట్లో బోర్లించేవాడు. పైసలు చేతికివ్వనిచ్చేవాళ్లం కాదు, బల్ల చివర పెట్టేవాడు. నాయన వాటిని తీసి గల్లాలో వేసేవాడు. గల్లాలో పడ్డాక ఆ పైసలకు వేరే గూడేమీ లేదు.

నాయన చెడ్డవాడు కాదు. ఆకలన్నవాణ్ని పస్తు పంపేవాడు కాదు. "నేనెవర్నీ కాదనలేదు కదా" అనేవాడు. చట్టానికి ఆ జవాబు చాలదు. పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం మిగతావాళ్లకు ఏ చోట, ఏ వేళ, ఏ షరతుల మీద అమ్ముతారో వీళ్లకూ అలాగే అమ్మాలి. గూడు పెట్టామంటే నిరాకరించినట్టే.

రెండు గ్లాసుల పద్ధతి పోయిందని ఇప్పుడు చాలామంది అంటారు. గూళ్లు పోయిన మాట నిజమే. కొన్ని చోట్ల వాటి బదులు కాగితం కప్పులు వచ్చాయి. కప్పు అందరికీ కాగితమే అయితే మంచిది. కొందరికి స్టీలు గ్లాసు, కొందరికి కాగితం కప్పు ఇస్తూ, ఎవరికేదో ముఖం చూసి తేల్చుకుంటుంటే మాత్రం పాత గూడు ఇంకా ఉన్నట్టే.

4. "వాళ్లకు చేస్తే పెద్ద గిరాకీ పోతుంది."

కటింగ్ షాపు పెట్టుకున్న తమ్ముళ్లకు ఈ భయం ఎక్కువ. "వాళ్ల గడ్డం గీసిన కత్తితో మాకు గీస్తావా?" అని ఊరి పెద్దలు గట్టిగా అడిగితే రెండు కుర్చీల షాపు ఏం చేయగలదు? ఈ భయం వట్టిది కాదని నాకు తెలుసు. అయినా ఆ సలహా వినకండి. అంటరానితనం పాటించనన్నందుకు ఒకణ్ని తన సంఘంవాళ్లే వెలివేస్తే అది కూడా పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఏడో సెక్షన్ కింద నేరమే. చట్టం మీ వైపే ఉంది.

ఇవాళ ఒకరి గడ్డం గీయనన్న షాపు, రేపు ఊరు వెలివేసిన కుటుంబానికి ఉప్పు కూడా అమ్మదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు ఇలాగే కుటుంబాలను బహిష్కరించి, వాళ్లకు సరుకులమ్మినవాళ్లకు జరిమానాలు వేశాయి. 1991లో చుండూరులో సినిమా హాల్లో మొదలైన గొడవ దళితుల సాంఘిక బహిష్కరణ దాకా పోయి, ఆగస్టు 6న హత్యాకాండగా మారింది. తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి, సాంఘిక, ఆర్థిక బహిష్కరణను స్పష్టంగా నేరం చేశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఉంటుంది.

చేయాల్సిందొకటే. ప్రతి గడ్డానికీ కొత్త బ్లేడు, ఉతికిన టవలు. ధరల పట్టిక గోడకు తగిలించండి. ముందొచ్చినవాళ్లకు ముందు. "మా షాపులో వరసే పద్ధతి, పెద్దయ్యా" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

5. "వాళ్ల మతంవాళ్లకు వాళ్ల దుకాణాలున్నాయిగా."

ఈ రోడ్డు మీద అన్ని మతాలవాళ్లూ బస్సు దిగుతారు. కల్లు నుంచి కూరగాయల దాకా ఒకరి పంట ఒకరు తింటారు. మతం పేరుతో గిరాకీని తిప్పి పంపడం కూడా 15వ అధికరణానికి విరుద్ధమే. నిజానికి అంటరానితనానికి ఉన్నట్టు, మతం పేరుతో సరుకు నిరాకరిస్తే శిక్షించే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. శిక్ష లేనంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. మనస్సాక్షి అనేది నిజంగా ఉంటే పనిచేయాల్సింది ఇక్కడే. ట్రాన్స్‌జెండర్లకు సరుకులు, సేవలు నిరాకరించకూడదని మాత్రం 2019 చట్టం తేటగా చెప్పింది. చేయి చాచి అడిగేవాళ్లుగానే వాళ్లను చూడటం మానండి. డబ్బిచ్చి చీర కొనుక్కోవడానికి వచ్చినప్పుడు చీర చూపించండి.

6. "అయితే ఎవరేది అడిగినా అమ్మాల్సిందే, నోరెత్తకు."

ఇది అవతలి గట్టు మీది తప్పు. మీకు మనస్సాక్షి ఉంది, దానికి చోటూ ఉంది. దాని హక్కు సరుకు మీద. మనిషి మీద దానికి హక్కు లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తేలుతుంది.

మాంసం అమ్మడం ఇష్టం లేదా? అమ్మకండి, ఎవరికీ అమ్మకండి. సిగరెట్లు పెట్టకూడదనుకుంటే దుకాణంలోకే తేకండి. కానీ పెట్టినదాన్ని ఒకరికిచ్చి ఒకరికి లేదనకూడదు. మీది ఫ్లెక్సీలు ముద్రించే షాపు అనుకోండి. ఒక కులాన్నో మతాన్నో తిట్టే ఫ్లెక్సీ తెస్తే "ఈ మాటలు నేను వేయను" అనవచ్చు. అవే మాటలు మీ సొంత బావమరిది తెచ్చినా వేయకూడదు. ఉత్తర ఐర్లాండ్‌లో ఆషర్స్ అనే బేకరీ స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదంతో కేకు చేయనంది. 2018 అక్టోబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు బేకరీ వైపు తీర్పిచ్చింది. ఆ నినాదాన్ని ఎవరు అడిగినా కాదనేవాళ్లు, అడిగిన మనిషిని బట్టి కాదనలేదు అన్నదే కారణం. ఆ నినాదం సంగతిలో నాది బేకరీవాళ్ల అభిప్రాయం కాదు. తీర్పు గీసిన గీత మాత్రం సరైనదే.

కొన్నిటికి కాదనడం హక్కు మాత్రమే కాదు, బాధ్యత. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు సిగరెట్టు అమ్మకూడదు. కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పమంటే స్కానింగ్ సెంటరు చెప్పకూడదు. ఈ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు లెక్కలేదు కాబట్టి ఇదీ వినండి: 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అలాంటి పెళ్లి జరిపించినవాళ్లకు, దానికి తోడ్పడినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. హాలు బుక్ చేసేటప్పుడే పెళ్లికూతురి వయసు రుజువు అడగండి. పద్దెనిమిది నిండకపోతే అడ్వాన్సు వాపసు ఇచ్చి, 1098కి ఫోన్ చేయండి. మీ మనస్సాక్షిని అక్కడ వాడండి. ఒక పిల్ల బతుకు నిలబడుతుంది.

7. "ఎవరూ కేసు పెట్టరు. పెట్టినా వంద రూపాయలు."

పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఆరో సెక్షన్‌లో జరిమానా వంద నుంచి ఐదు వందలే. దాంతోపాటు నెల నుంచి ఆరు నెలల దాకా జైలు కూడా ఉందన్న సంగతి మాత్రం సలహా ఇచ్చేవాళ్లు చెప్పరు. ఎనిమిదో సెక్షన్ కింద కోర్టు మీ లైసెన్సు రద్దు చేయవచ్చు. పన్నెండో సెక్షన్ ఇంకా గట్టిది. బాధితుడు షెడ్యూల్డ్ కులస్థుడైతే, ఆ నిరాకరణ అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ప్రతి నెలాఖరున ఊళ్లలో అధికారులు జరపాల్సిన సివిల్ రైట్స్ డే ఉన్నది ఈ మాటలు అందరికీ చెప్పడానికే. మీ ఊళ్లో జరగకపోతే ఎందుకు జరగలేదని తహసీల్దారును అడగండి. వ్యాపారులు కూడా వెళ్లి కూర్చోండి.

శిక్ష భయంతోనే అందరికీ అమ్మేవాళ్లూ ఉంటారు. దానికి నా అభ్యంతరం లేదు. ఛాయ్ ఒకే గ్లాసులో అందితే చాలు, కారణం తర్వాత చూసుకోవచ్చు.

ఆ పెద్దాయన పోయాక మా నాయన గూట్లోని గ్లాసులు తీయించాడు. ఆయన బతికుండగా తీయించలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా చివరిదాకా తల దించుకున్నాడు. నేను కూడా చెంబు ఎత్తి పోసినదాన్నే కదా, నాకూ ఆ తలవంపు ఉంది. హోటలు ఎప్పుడో మూతపడింది. గోడ మాత్రం నిలిచే ఉంది, అందులో ఆ గూడు కూడా. మీరు కొత్తగా మడిగె కట్టించేటప్పుడు మేస్త్రీ దేనికి గూడు పెట్టాలని అడిగితే, దేవుడికి ఒకటి చాలని చెప్పండి.