తేదీ ఎప్పుడో చెప్పండి చాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో రిలీజ్ తేదీ పెట్టే పద్ధతులు రెండు. పని అయ్యాకే విడుదల చెయ్యడం ఒకటి. తేదీ వచ్చేసరికి ఎంత అయితే అంత విడుదల చెయ్యడం రెండోది. తేదీ ప్రకటించి, ఆనక పనీ కాక, విడుదలా లేక ఊరుకోవడాన్ని ఎవరూ పద్ధతుల్లో కలపరు గానీ, లోకంలో ఎక్కువగా నడిచేది అదే.

మొదటి పద్ధతికి పెద్దదిక్కు డెబియన్ అనే లినక్స్. సిద్ధమైనప్పుడు వస్తుందంటుంది. 2002 జులైలో వుడీ అనే వెర్షన్ వచ్చాక, తరవాతిదైన సార్జ్ రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. పెర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు మరీ గడుసు. 2000లో పని మొదలెట్టి, క్రిస్మస్‌కి ఇస్తామన్నారు గానీ ఏ ఏడాది క్రిస్మసో చెప్పలేదు. 2015 డిసెంబరు 25న ఇచ్చి మాట నిలబెట్టుకున్నారు. 1990లో మొదలైన గ్నూ హర్డ్ అనే కెర్నల్‌కి 1.0 ఇంకా రానేలేదు.

రెండో పద్ధతికి ఉబుంటు పేరుమోసింది. 2004 అక్టోబరు నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఏడాదీ నెలా కలిపితే అదే వెర్షన్ నంబరు. 2006లో ఏప్రిల్‌ది జూన్‌కి జరిగితే 6.04ని 6.06 చేసేశారు. ఇక ఆలస్యమైందని ఎవరనగలరు! ఈ పద్ధతిలో పూర్తికాని ఫీచర్ కోసం రిలీజ్ ఆగదు, ఫీచరే తరవాతి రిలీజ్‌కి పోతుంది.

ఇది బెజవాడకి కొత్తేమీ కాదు. కృష్ణకి పుష్కరాలు తెచ్చే బృహస్పతి కన్యారాశిలోకి వెళ్లేది ఏ కాంట్రాక్టర్ కోసమూ ఆగదు. 2016 ఆగస్టు 12న కృష్ణా పుష్కరాలన్నారు, ఆ రోజుకి పద్మావతి, కృష్ణవేణి, పున్నమి ఘాట్లు జనానికి తెరిచారు. దుర్గగుడి ఫ్లైఓవర్ కూడా ఆ రిలీజ్‌లోనే రావాలి. 2015 డిసెంబరులో శంకుస్థాపన, పుష్కరాలకల్లా ప్రారంభోత్సవం అనుకున్నారు. ఫీచర్ వాయిదా పడింది. భవానీపురం జనం దుమ్ములో, మళ్లింపుల్లో, చిట్టినగర్ సొరంగం ముందు హారన్ల మోతలో ఓపిక నేర్చుకున్నారు. చివరికి 2020 అక్టోబరు 16న తెరిచారు. శాస్త్రప్రకారం తరవాతి రిలీజ్ 2028 పుష్కరాలు కాబట్టి, ఎనిమిదేళ్లు ముందే వచ్చిందని సంతోషించాలి.

తేదీకి ముందు ఫ్రీజ్, అంటే మార్పులకి కట్టడి, ఉంటుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో స్ట్రింగ్ ఫ్రీజ్ అయ్యాక తెరమీది మాటలు మార్చకూడదు, ఎందుకంటే అనువాదకులు అప్పుడే కూర్చుంటారు. ఆ మాటల్లో 80 శాతం తెలుగులోకి వస్తేనే భాషకి పూర్తి మద్దతున్నట్టు లెక్క. మార్చి రిలీజ్ సరిగ్గా పరీక్షల వేళకి, సెప్టెంబరుది వినాయక చవితి చుట్టుపక్కలకి వస్తుంది. అంతలో ఎవరో అనుమతి తెచ్చుకుని ఒక్క మెనూ మాట మారుస్తారు. మళ్లీ మొదటికి!

ఇంత చేసినా వినపడే మాట ఒక్కటే: ఎప్పుడొస్తుంది? అడిగేవాళ్లలో పైసా ఇచ్చినవాళ్లుండరు, చేసేవాళ్లలో జీతం అందుకునేవాళ్లు తక్కువ.

ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్‌ని ఏళ్ల తరబడి ఒక్క మనిషే చూసుకున్నాడు. 2022లో కొత్త వెర్షన్ ఏదని కొందరు వెంటపడ్డారు. జీతం లేని పనండీ అని ఆయన చెప్పుకున్నాడు. చివరికి సాయానికి వచ్చినవాడికి తాళాలిచ్చాడు. 2024 ఫిబ్రవరిలో ఆ చేతుల మీదుగా వచ్చిన 5.6.0లో దొంగదారి ఉంది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరు తవ్వబట్టి మార్చి నెలాఖరున బయటపడింది. తొందరపెట్టిన పేర్లలో కొన్ని అంతకుముందు ఎక్కడా కనపడనివని ఆ తరవాత తేలింది. పాత మనిషే మళ్లీ కూర్చుని, శుభ్రంచేసిన 5.6.2 విడుదల చేసేసరికి మే నెలాఖరైంది.