పదానికి ఇంత

అమీర్‌పేటలో టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు. బయట బోర్డు మీద 'అనువాదం, క్రియేటివ్ మార్కెటింగ్' అని ఉంటుంది. క్రియేటివ్ విభాగమంటే ఓనరు. మార్కెటింగ్ విభాగమన్నా ఆయనే. కిందికి వంగి టీ కేకేసేదీ ఆయనే. మిగిలింది ఒక డిజైనరు, ఒక అనువాదకుడు.

మన అనువాదకుడికి డబ్బులు పదాల లెక్కన. తెలుగు వ్యాకరణం అతని పొట్ట కొట్టింది ఇక్కడే. 'బికాజ్ ఐ కుడ్ నాట్ కమ్' అంటే ఇంగ్లీషులో అయిదు పదాలు. తెలుగులో 'రాలేకపోయినందువల్ల', ఒక్కటే! సంధి కలిసినప్పుడల్లా జేబుకు చిల్లే. తెగించి ఓసారి 'రాలేక పోయిన అందు వల్ల' అని విడగొట్టి రాశాడు.

"ఏమయ్యా, స్పేస్‌బార్‌కి కూడా జీతమివ్వాలా?" అన్నాడు ఓనరు.

కొత్త పార్టీ వస్తే ఓనరు ముందు హెచ్‌ఎస్‌బీసీ కథ చెబుతాడు. ఆ బ్యాంకు 'అజ్యూమ్ నథింగ్' అనే నినాదం కొన్ని దేశాల్లో 'ఏమీ చెయ్యకండి' అన్న అర్థంలో దిగింది. దాన్ని వదిలించుకుని కొత్త ప్రచారం మొదలెట్టడానికి 2009లో కోటి డాలర్లు పెట్టాల్సి వచ్చింది. అంతా విన్న పార్టీ "అయితే మాకు పదానికి ఎంత తగ్గిస్తారు?" అంటుంది.

చీరల కొట్టు ఫ్లెక్సీతో అసలు తంటా వచ్చింది. డిజైనరుది ఒడిశా, తెలుగు అక్షరం అతనికి జిలేబీ చుట్ట. ఫోటోషాప్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకుండానే మ్యాటరు అతికించాడు. ఒత్తులు విడిపోయి 'పట్టు చీరలు' కాస్తా 'పట్‌టు చీరలు' అయ్యాయి. ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టాక గానీ ఎవరూ చూడలేదు.

"పట్టు సడలిందేంటండీ?" అని కొట్టాయన ఫోన్.

మనవాడు ఆపిల్‌ని అడ్డం పెట్టుకున్నాడు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఒక తీరులో టైపయి మెసేజీలో వస్తే చాలు, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. దాన్ని సరిదిద్దడానికి ఆ కంపెనీ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. "ఆపిలే జ్ఞానానికి తట్టుకోలేకపోయింది, మనమెంత సార్?" అన్నాడు. అయినా ఫ్లెక్సీ డబ్బుల్లో సగం కోతపడింది.

పోయిన నెల విల్లాల బ్రోచరు వచ్చింది. మనవాడు ప్రాణం పెట్టి 'పొద్దు మీ ముంగిట్లో పొడుస్తుంది' అని రాశాడు. బిల్డరు చదివి, ఫోన్‌లో బామ్మర్దికి వినిపించి, మొహం చిట్లించాడు. "తెలుగులో రాయమంటే మరీ తెలుగు రాశారేంటండీ! రిచ్‌గా ఉండాలి."

నాలుగు రోజులు దిద్దాక అందరికీ నచ్చింది ఇది: 'లగ్జరీ 3 బీహెచ్‌కే విల్లాస్. ప్రీమియం క్లబ్‌హౌస్. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ పక్కనే.'

ఓనరు తొమ్మిది పదాలకు బిల్లు పంపాడు. సాయంత్రానికి బిల్డరు నుంచి వాట్సాప్ వచ్చింది: "సార్, ఇందులో తెలుగు 'పక్కనే' ఒక్కటే కదా. ఒక్క పదానికి వేసి పంపండి."